చెన్నపురి నగర రైలు స్టేషనుల పేళ్ళు – ఒక విమర్శ

కావ్యమును విమర్శించువారు పలువురు కలరు. నాటకమును, సంగీత కచ్చేరిని విమర్శించువారు అంతకంటె ఎక్కువగ కలరు. రైలు స్టేషనుల పేళ్ళ పట్టికను విమర్శకు తగిన రచనగా ఎంచినవారిని మాత్రము మేము చూడలేదు. అయినను ఆ పట్టికయు ఒక రచనయే. దానికి కర్తలు కలరు, పాఠాంతరములు కలవు, ప్రక్షిప్తములు కూడ కలవు. దినమునకు లక్షలకొలది జనుల చెవిని పడు రచన కావున దానిని ఉపేక్షించుట తగదని మా తలంపు.

మేము ఈ పనికి పూనుకొనుటకు వేరొక కారణమును కలదు. చెన్నపురి మెట్రో రైలు రెండవ దశ పని సాగుచున్నది. మూడు మార్గములు, 118 కిలోమీటర్లకు పైబడిన దూరము. కొత్త స్టేషనులు అనేకములు వచ్చుచున్నవి గనుక, వానిలో ఒకదానికైనను తెలుగు ప్రముఖుని పేరు పెట్టింపవలెనని మనవారిలో కొందరు అర్జీ వ్రాయదలచినారు. అర్జీ చిత్తును మా చేతికిచ్చి దిద్దుమనిరి. ముప్పదియేండ్లకు పైగా చిత్తులు దిద్దుటయే వృత్తిగా బ్రదికిన గుమాస్తాలము గనుక అది మావద్దకు వచ్చుటలో వింత లేదు. చిత్తు బాగుగనే యున్నది. కాని అర్జీ పంపుటకు ముందు, ఇప్పుడున్న పేళ్ళను ఒక్కసారి శ్రద్ధగా చదివి చూచుట మంచిదని మాకు తోచినది. పింఛను తీసుకొనువారికి పగటిపూట తీరిక లోపింపదు. కొన్ని దినములు ఆ బండ్లలో ఈ కొననుండి ఆ కొనకు తిరిగి, ప్రతి స్టేషనులోను దిగి, బయటికి వచ్చి చూచి, మరల ఎక్కితిమి.

చెన్నపురిలో ఈ రైలు మొట్టమొదట 2015 జూన్ 29న కోయంబేడు, ఆలందూరుల నడుమ నడచినది. అంచెలంచెలుగా పెరిగి 2021 ఫిబ్రవరి 14న ఉత్తరమున విమ్కో నగర్ వరకు చేరినది. మొదటి దశ మొత్తము సుమారు 54 కిలోమీటర్లు. నీలి మార్గము ఉత్తరపు కొననుండి విమానాశ్రయము వరకు పోవును; పచ్చ మార్గము సెంట్రల్ నుండి కోయంబేడు మీదుగా చుట్టుతిరిగి పరంగికొండ చేరును. బండిలో ప్రతి స్టేషను పేరును మొదట తమిళమున, పిదప ఇంగ్లీషున పలుకుదురు. అందుచేత ఈ రచనకు రెండు పాఠములు. ఆ రెండింటికి పొత్తు కుదిరిన చోట్లు కొన్ని, కుదరని చోట్లు కొన్ని.

స్టేషను పేరునకు మేము పెట్టుకొన్న పరీక్షలు రెండే. ఎక్కువాడు టిక్కెట్టు అడుగునపుడు ఆ పేరు నోట పలుకునా? దిగువాడు మెట్లెక్కి బయటికి వచ్చి నాలుగు దిక్కులు చూచినపుడు ఆ పేరునకును ఆ చోటునకును చుట్టరికము కనబడునా? పెద్దపెద్ద లక్షణ గ్రంథములతో ఇక్కడ పనిలేదు.

ఉత్తరపు కొననుండి ఆరంభింతము. విమ్కో అను మాటకు తమిళమునగాని తెలుగునగాని అర్థము లేదు. వెస్టర్న్ ఇండియా మాచ్ కంపెనీ అను పేరులోని మొదటి అక్షరములను కూర్చగా పుట్టిన మాట అది. స్వీడను దేశపు అగ్గిపెట్టెల వ్యాపారులు మన దేశమున నెలకొల్పిన కంపెనీ. దాని కర్మాగారము తిరువొత్తియూరున ఉండెడిది. ఆ అక్షరముల గుంపునకు 'నగర్' చేరి ఊరి పేరైనది. విమ్కో అను మహనీయుడొకడు ఉండెనని కొత్తవారు భ్రమపడినను వారిని తప్పుపట్టలేము. అయినను ఈ పేరును మేము కొట్టివేయము. అగ్గిపుల్లలు చేసిన వేలమంది చేతుల జ్ఞాపకము ఆ అక్షరములలో ఎట్లో నిలిచియున్నది. అక్షరముల గుంపులన్నియు ఇట్టివి కావని ముందు చూతము.

తిరువొత్తియూరు తరువాతి స్టేషను పేరు తిరువొత్తియూరు తేరడి. ఈ పేరు చదివినపుడు మాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు. తేరు మనకును తేరే; అడి అనిన అడుగు. రథము నిలుచు చోటు. తమిళుడు విన్నను తెలుగువాడు విన్నను అనువాదకుని అవసరము లేదు. ఇంగ్లీషు పాఠమున కూడ దానిని 'కార్ స్టాండు' అని మార్చక 'తేరడి' గనే ఉంచిన పుణ్యాత్ముడెవరో తెలియదు గాని, ఆయనకు నమస్కారము. ఆ కోవెలలో స్వామి త్యాగరాజు, అమ్మవారు వడివుడైయమ్మన్, అనగా త్రిపురసుందరి. వీణ కుప్పయ్యరు గారు ఆ ఊరివారు. ఆయన గురువైన త్యాగరాజస్వామి తిరువొత్తియూరు వచ్చి ఆ త్రిపురసుందరిపై అయిదు కీర్తనలు రచించిరి. తిరువొత్తియూరు పంచరత్నములని వానికి పేరు. అయిదును తెలుగు కీర్తనలే. ఈ స్టేషనున దిగి కోవెలకు నడచు తెలుగువాడు పరాయిచోటునకు పోవుటలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

తరువాతిది కాలడిపేట. మొత్తము పట్టికలో మాకు మిక్కిలి ప్రియమైన పేరు ఇదియే కావున ఇచట కొంచెము నిలుతము. 1717 మొదలు 1720 వరకు చెన్నపట్నపు గవర్నరుగా నున్న జోసెఫ్ కాలెట్ అను దొర, తిరువొత్తియూరు చెంత నేతగాండ్రకును అద్దకము పనివారికిని ఒక పేట కట్టించెను. దానికి కాలెట్‌పేట అని పేరు. దొర పోయినాడు, కంపెనీ పోయినది, దొరతనమే పోయినది. పేరు మాత్రము జనుల నోట నలిగి నలిగి కాలడిపేట అయినది. తమిళమున కాలడి యనిన కాలి అడుగు. కొమ్ములు తిరిగిన గవర్నరు పేరు మూడు వందల యేండ్లలో సామాన్యుని అరికాలి క్రిందికి వచ్చినది! ఏ ఉత్తర్వును దీనిని మార్చలేదు, ఏ ఉద్యమమును అడుగలేదు. మార్చినవారు కూరగాయలమ్ముకొనువారు, బండి తోలువారు, బడి పిల్లలు.

ఆ పేటలోని కల్యాణ వరదరాజస్వామి కోవెలకు ఒక స్థలకథ కలదు. కాలెట్ దొర కొలువులో వీరరాఘవుడను ఉద్యోగి యుండెను. అతడు కాంచీపుర వరదునికి పరమభక్తుడు. స్వామి దర్శనమునకు పోవుటచేత దఫ్తరమునకు ఆలస్యముగ వచ్చెడివాడు. దొర కోపించి, నీవు అంత భక్తుడవైన ఇప్పుడు కాంచిలో ఏమి జరుగుచున్నదో చెప్పుమనెను. అతడు ఉన్నచోటనే కనులు మూసికొని అచటి ఉత్సవ విశేషమును చెప్పెను. మనుషులను పంపి విచారింపగా అది అక్షరాల నిజమని తేలినది. దొర ఆశ్చర్యపడి, అతనికి కాంచికి పోవు శ్రమ తప్పునట్లు ఇచటనే కోవెల కట్టించెను. కథ నిజమో కాదో చరిత్రకారులు తేల్తురు గాక. ఆలస్యముగ వచ్చిన గుమాస్తాకు సంజాయిషీ నోటీసునకు బదులు దేవాలయము లభించిన వృత్తాంతము మరియొకటి లోకమున ఉన్నదని మేము వినలేదు. గుమాస్తా వర్గమునకు చెందినవారము గనుక ఈ స్టేషను వచ్చినపుడెల్ల కొంచెము సరిదిద్దుకొని కూర్చుందుము.

కాలడిపేట దాటిన పిమ్మట టోల్‌గేటు. తమిళ పాఠమున సుంగచ్చావడి. సుంకము, చావడి, రెండును మనకు ఇంటిమాటలు. ఈ నగరమునకు ఉత్తరమునుండి వచ్చు బండ్లు సుంకము కట్టిన చోటు. ఉత్తరమునుండి అనిన మన నెల్లూరు దిక్కునుండియే గదా. మనవారి పూర్వికులు ఎందరో ఈ దిక్కుననే ఊరు చొచ్చినారు.

ఇక చాకలిపేట. ఇంగ్లీషున వాషర్‌మన్‌పేట, తమిళమున వణ్ణారప్పేట్టై, మన ఇండ్లలో చాకలిపేట. మూడు భాషలలోను ఒకే అర్థము. కంపెనీవారు ఈ తీరమునుండి ఓడలకెక్కించిన ముఖ్యమైన సరకు నూలుబట్ట. మగ్గము దిగిన బట్ట ముడిగా నుండును. దానిని ఉడికించి, ఉతికి, ఎండలో ఆరవేసి తెల్లగ చేసిన గాని ఓడకెక్కదు. ఆ పని చేసినవారు నివసించిన పేట ఇది. నేసినవాని పేరును, ఉతికినవాని పేరును లెక్కల పుస్తకములలో ఎవరును వ్రాసియుండరు; పేట పేరులో మాత్రము వారి పని మిగిలినది. పాతది చాలక కొత్త చాకలిపేట యని వేరొక స్టేషను కూడ కలదు. ఈ పేరు నాగరకముగా లేదని ముక్కు విరచువారిని మేమెరుగుదుము. వారు ధరించిన చొక్కా ఎట్లు తెల్లనైనదో వారినే అడుగవలెను.

తండయార్‌పేట సంగతి త్వరగ ముగింతము. రామనాథపురము సీమలోని తొండి యను ఊరినుండి వచ్చిన కుణంగుడి మస్తాన్ సాహెబు అను సూఫీ కవిని తొండియారు అని పిలుచుటచేత ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. ఒక ముస్లిము సాధువును ఆయన ఊరి పేరుతో పిలిచి, ఆ పిలుపును తమ పేటకు పెట్టుకొన్న జనుల రసికత మెచ్చదగినది.

తరువాత సర్ త్యాగరాయ కళాశాల. పిట్టి త్యాగరాయ శెట్టిగారు (1852–1925) దేవాంగ కులమున, తెలుగు మాటాడు ఇంట పుట్టిరి. 1916లో డాక్టరు టి. ఎం. నాయరు ప్రభృతులతో కూడి దక్షిణ భారత ఉదారవాద సంఘమును, అనగా జనులు జస్టిస్ పార్టీ యని పిలిచినదానిని, స్థాపించిన ప్రముఖులు. నేతపనివారి క్షేమము కొరకును, విద్య కొరకును పాటుపడినవారు. అర్జీ వ్రాయదలచిన మిత్రులను మేము అడుగునది ఇదియే: ఈ స్టేషను మీదుగా ఎన్నిసార్లు పోయినారు? అది మనవాని పేరని మీ పిల్లలలో ఎందరికి తెలియును? ఇంకొక చమత్కారము కూడ కలదు. తిరువొత్తియూరు కోవెలలో త్యాగరాజస్వామి, ఆ ఊరికి వచ్చి పాడిన త్యాగరాజస్వామి, ఈ కళాశాలకు పేరైన త్యాగరాయలు. నాలుగైదు స్టేషనుల దూరములో ముగ్గురు త్యాగరాజులు కూడిరి.

మణ్ణడిని, హైకోర్టును విడిచి సెంట్రల్ చేరుదము. ఇచట మా విమర్శ కొంచెము కటువుగ నుండును. 2020 జూలై 31న ప్రభుత్వమువారు మూడు మెట్రో స్టేషనుల పేళ్ళు మార్చిరి. సెంట్రల్ స్టేషను 'పురట్చి తలైవర్ డాక్టర్ ఎం. జి. రామచంద్రన్ సెంట్రల్ మెట్రో' అయినది. ఆలందూరు 'అరింజర్ అణ్ణా ఆలందూరు మెట్రో' అయినది. కోయంబేడు బస్సు స్టాండు వద్దనున్నది 'పురట్చి తలైవి డాక్టర్ జె. జయలలితా సి. ఎం. బి. టి. మెట్రో' అయినది. పెద్ద రైలు స్టేషనుకు అంతకు ముందే, 2019లో, ఎం. జి. ఆర్. పేరు పెట్టియుండిరి. ఈ ముగ్గురును ఈ రాష్ట్రమును ఏలినవారు. జనుల హృదయములలో చోటు గలవారు. వారి యోగ్యత ఇచట విచారణాంశము కాదు. పేరు పేరుగా పనిచేయుచున్నదా అనునదే విచారణాంశము. పలుకువాడు ఆ పేరు చెప్పి ముగించు లోపల బండి స్టేషనులో నిలిచి తలుపులు తెరచుకొనును. టిక్కెట్టు అడుగువాడు 'సెంట్రల్' అనును, 'ఆలందూరు' అనును. పాత పేరును తుడిచివేయు ధైర్యము లేక తోకగా ఉంచినారు. జనులు ఆ తోకనే పట్టుకొని పోవుచున్నారు. నాయకుని గౌరవింపబోయి ఆయన పేరును పలుకక దాటవేయు అలవాటు జనులకు నేర్పినట్లయినది. విగ్రహము పెట్టినచోట పూలదండ వేయు దినమైనను ఒకటి యుండును. ఇట్టి పేరునకు ఆ దినమును లేదు.

మరియొక మాట. సెంట్రల్ మెట్రోకు పెట్టిన ఆ పొడవైన పేరులో ఒక మాటకు మాత్రము చోటు దొరకలేదు. ఆ మాట చెన్నై. 1639 ఆగస్టు 22న దామెర్ల నాయకులు ఇంగ్లీషువారికి ఈ తీరమున కోట కట్టుకొన అనుమతినిచ్చిరి. వారి తండ్రియైన చెన్నప్ప నాయకుని పేరు మీద చెన్నపట్నము వెలసినది. 1996లో నగరమునకు చెన్నై యనునదే అధికార నామమైనది. తెలుగు ప్రముఖుని పేరు కావలెనని అర్జీ వ్రాయుచున్న మనము, ప్రతి ఉత్తరపు చిరునామాలోను, ప్రతి బస్సు నెత్తిపైనను ఒక తెలుగు నాయకుని పేరే యున్నదని మరచితిమేమో ఆలోచింపవలెను.

సెంట్రల్ దాటిన వెంటనే ఉన్నది ఇంగ్లీషున గవర్నమెంటు ఎస్టేటు, తమిళమున అరసినర్ తోట్టం. ఇంగ్లీషు పాఠము ఆస్తి పత్రమువలె నున్నది. తమిళ పాఠమున చెట్టు నీడ ఉన్నది. అచట 2010లో శాసనసభకును సచివాలయమునకును గొప్ప భవనమును ప్రారంభించిరి. ప్రభుత్వము మారినది, 2014 నాటికి అది ఆసుపత్రి అయినది. సచివాలయము అని స్టేషనుకు పేరు పెట్టియున్న ఎంత చిక్కు వచ్చెడిదో గదా! తోట యనునది కావున ఏ ప్రభుత్వము వచ్చినను ఇబ్బంది కలుగలేదు.

ఆ తరువాత ఎల్. ఐ. సి. రెండు పాఠములలోను అవే మూడక్షరములు. 1959లో ప్రారంభమైన పదునాలుగు అంతస్తుల భవనము దీనికి ఆధారము. ఆ కాలమున దేశములో అంత యెత్తయిన కట్టడము లేదని, పల్లెటూరి చుట్టములు వచ్చినపుడు దానిని చూపించుట ఈ నగరమున ఒక ఆచారముగ నుండెను. అందుచేత ఆ మూడక్షరములు అప్పటికే జనుల మాటలో కలిసిపోయినవి. దీనిని మేము అంగీకరింతుము.

ఏ. జి. – డి. ఎం. ఎస్. అను స్టేషనును మాత్రము అంగీకరింపలేము. ఏ. జి. అనిన అకౌంటెంటు జనరల్ కార్యాలయము, డి. ఎం. ఎస్. అనిన వైద్యసేవల డైరెక్టరేటు. రెండు దఫ్తరములను ఒక అడ్డుగీతతో ముడివైచి ప్రయాణికుని నెత్తిపై పెట్టినారు. మావంటి పాత గుమాస్తాలకు ఆ మొదటి రెండక్షరములు విన్నంతనే లెక్కలు మరల ఒకసారి కూడి చూచుకొనవలెనను బుద్ధి పుట్టును గాని, మాకు తప్ప ఇంకెవరికి దాని అర్థము? ఇది ఊరి పేరు కాదు, ఫైలు నంబరు. ఇట్టిదే మరియొకటి విమానాశ్రయము దారిలో కలదు: ఓ. టి. ఏ. – నంగనల్లూరు రోడ్డు. నంగనల్లూరు అని ఊరుకొనిన సరిపోయెడిది. సైనికాధికారుల శిక్షణాలయపు అక్షరములను ముందు తగిలించినారు. విమ్కోకును వీనికిని భేదమేమని అడుగవచ్చును. విమ్కో అనుమాటను జనులు నోట పలికి పలికి మాటగ చేసికొన్నారు. ఏ. జి. – డి. ఎం. ఎస్. అనుదానిని కాగితముపై కూర్చినారు.

ఈ రెండు ఆంగ్లాక్షరముల గుంపుల నడుమ, ఎల్. ఐ. సి.కిని ఏ. జి. – డి. ఎం. ఎస్.కును మధ్య, ఆయిరం విళక్కు ఉన్నది. ఇంగ్లీషున థౌజండ్ లైట్స్, మన మాటలో వేయి దీపములు. ఆర్కాటు నవాబుల వంశమువారు కట్టించిన మసీదు అచట కలదు; మొహరము దినములలో అచటి సభాస్థలమును వెలిగించుటకు వేయి దీపములు కావలసి వచ్చెడివని చెప్పుకొందురు. దీపములు నూనెవి పోయి విద్యుత్తువి వచ్చినవి. పేరు మాత్రము మసిబారలేదు. ఏ భాషలోనికి మార్చినను వెలుగు తగ్గని పేరు. భూగర్భమున చీకటి సొరంగములో పోవు బండిలో ఈ పేరు విన్నపుడు కలుగు హాయి వేరు.

నందనము మన పంచాంగమెరిగినవారికి ప్రియమైన పేరు. 1952–53 నందన నామ సంవత్సరమున ఈ కాలనీ ఏర్పడుటచేత రాజాజీగారు దీనికి ఆ పేరు పెట్టిరని ప్రతీతి. సైదాపేట దాటిన పిదప చిన్నమలై. ఇంగ్లీషున లిటిల్ మౌంట్. మలై యనిన కొండ గనుక రెండు పాఠములును చక్కగ కలిసినవి. కాని దానికి పెద్దన్నయైన సెయింట్ థామస్ మౌంటు విషయమున ఆ పొత్తు చెడినది. ఇంగ్లీషు పాఠము ఏసుక్రీస్తు శిష్యుడైన తోమాను తలచుకొనుచున్నది. తమిళ పాఠము పరంగిమలై, అనగా ఫిరంగుల కొండ, అని అచట నివసించిన పోర్చుగీసు దొరలను తలచుకొనుచున్నది. ఒకే కొండ, ఒకరికి సాధువు కనబడినాడు, ఒకరికి పరదేశి కనబడినాడు. ఈ భేదమును సరిచేయనవసరము లేదు. రెండును నిజములే.

పచ్చ మార్గమున చెప్పవలసినవి రెండుమూడు. కోయంబేడు బస్సు స్టాండు స్టేషనుకు మొదటి పేరు సి. ఎం. బి. టి. అనగా చెన్నై మొఫసలు బస్సుల నిలయము. 2023 డిసెంబరు 30 తరువాత దక్షిణ జిల్లాల బస్సులు అధిక భాగము కిలాంబాక్కమునకు తరలిపోయినవి. బస్సులు కదలిపోగలవు, బస్సులనుబట్టి పెట్టిన పేరు కదలలేదు. పక్కనున్న కోయంబేడు అను ఊరి పేరునకు ఆ భయము లేదు.

అణ్ణానగర్ టవర్ స్టేషనును గూర్చి మనవారు తెలిసికొనదగినది కలదు. 1968లో జరిగిన అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శనము కొరకు అచట ఎత్తయిన గోపురము కట్టిరి. ఆ గోపురమునకు ప్రభుత్వమువారు పెట్టిన పేరు డాక్టరు విశ్వేశ్వరయ్య టవరు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి వంశమువారు మోక్షగుండమునుండి మైసూరు సీమకు తరలిన తెలుగువారని చదువరులకు తెలియును. బోర్డున పేరున్నది. ఉన్ననేమి? జనులు అణ్ణానగర్ టవర్ అనిరి. స్టేషనుకును అదియే నిలిచినది. పేరు పెట్టింపవలెనని అర్జీ వ్రాయువారు, పెట్టించిన పేరునకు కలుగు గతిని అచటికి పోయి కన్నులార చూడవచ్చును. పచ్చయ్యప్ప కళాశాల స్టేషను సంగతి దీనికి ప్రతికూలము. కంపెనీ కాలపు ద్విభాషియైన పచ్చయ్యప్ప మొదలియారు (1754–1794) తన ధనమును ధర్మమునకు విడిచిపోయెను. ఆ ధర్మమునుండి పుట్టిన విద్యాలయములో చదివినవారు తరతరములుగా పలుకుటచేత ఆయన పేరు నిలిచినది గాని బోర్డుచేత కాదు.

మెట్రో కాక ఈ నగరమున ఇంకొక ఎత్తు రైలు కలదు. అది రైల్వేవారిది, 1995లో బీచి స్టేషనునుండి చేపాక్కము వరకు ఆరంభమై, 2007 నాటికి వేళచ్చేరి వరకు పోయినది. కూవము నదిని ఆనుకొని పోవు ఆ దారిలో చింతాద్రిపేట స్టేషను కలదు. దానిని చెప్పక ఈ వ్యాసమును ముగించుట మాకు ఇష్టము లేదు. చింతాద్రి యనిన చింతచెట్ల కొండ యనియు, చింతలు తీర్చు కొండ యనియు మనవారు అర్థములు చెప్పగా వింటిమి. అచట కొండయు లేదు, గుట్టయు లేదు. అది చిన్న తరి పేట. తరి యనిన తమిళమున మగ్గము. చిన్న మగ్గముల పేట. 1734లో మోర్టన్ పిట్ అను గవర్నరు, కంపెనీకి బట్ట సమకూర్చుటకై నేతగాండ్రను ఇచట నెలకొల్పెను. అంతకు ముందు ఆ నేల సుంకురామ శెట్టి తోట. సుంకురాముడు కోమటి వర్తకుడు, ఒకప్పుడు కంపెనీకి ప్రధాన వర్తకుడు. అధికారము చేతులు మారినపుడు తోట చేయి దాటినది. తోట గలవాని పేరు పోయినది, తోటను తీసికొన్న గవర్నరు పేరు పోయినది, మగ్గము పేరు మిగిలినది. దానిని తెలుగు నాలుక సంస్కృతపు కొండగా మార్చినది! మాట నలుగుటలోను మనవారిది ప్రత్యేకమైన ఠీవి.

కాలెట్‌పేట నేతగాండ్రది, చాకలిపేట ఉతికినవారిది, చింతాద్రిపేట మగ్గములది, త్యాగరాయ కళాశాల నేత కులమున పుట్టిన పెద్దది. ఈ నాలుగు పేళ్ళను వరుసగ పెట్టి చూచిన, పత్తి నూలై, నూలు బట్టయై, బట్ట తెల్లనై, ఓడకెక్కిన కథ యంతయు కనబడును. ఆ కథలో మనవారి పాలు కొంచెము కాదు. మగ్గముల వెంబడి వచ్చినవారి సంతతి ఇప్పటికిని ఈ పేటలలో తెలుగు పలుకుచు ఉన్నది. అక్షరము వ్రాయుట మాత్రము చాల ఇండ్లలో పోయినది. అర్జీ చేయవలసిన బాధ ఇచట ఉన్నదని మాకు తోచుచున్నది.

కనుక చిత్తును మేము ఇట్లు దిద్ది ఇచ్చితిమి. కొత్త పేరు కోరు పంక్తులను కొట్టివేసితిమి. రెండవ దశలో త్యాగరాయనగరము నడుమ పానగల్లు పార్కు అను స్టేషను వచ్చుచున్నది. 1921 మొదలు 1926 వరకు మదరాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రిగ నుండిన పానగల్లు రాజా, పానగంటి రామరాయణింగారు, కాళహస్తి సీమవారు. అడుగకయే వచ్చిన పేరు అది. దానిని ముందు విశేషణములతో బరువెక్కింపక, ఇప్పుడున్నట్లే రెండు మాటలుగ ఉంచవలెనని ఒక పంక్తి చేర్చితిమి. కాలడిపేట, చాకలిపేట, చింతాద్రిపేట స్టేషనులలో ఆయా పేటల పుట్టుకను తెలుపు పలక ఒక్కొక్కటి తమిళమున, ఇంగ్లీషున నెలకొల్పి, ప్రక్కన తెలుగున కూడ నాలుగు పంక్తులు వ్రాయించిన మిక్కిలి కృతజ్ఞులమని ఇంకొక పంక్తి. ఆ నాలుగు పంక్తుల తెలుగును వ్రాసి జతపరచుటకు మేము సిద్ధము, ఖర్చు లేదు.

అర్జీతో బాటు మన సంఘపు సభ్యుల పట్టిక యొకటి పంపవలసియున్నది. అచ్చునకు పోవుటకు ముందు దానిని మేము చూచితిమి. చిరునామాల వరుసలో ఎందరో సభ్యులు 'టి. నగర్' అని వ్రాసియిచ్చిరి. సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరిట 1920ల దశకమున వెలసిన నగరమది. మనవాని పేరును మనవారే ఒక అక్షరము చేసి, దానికి చుక్క పెట్టి, ఏ. జి. – డి. ఎం. ఎస్. వరుసలో నిలిపినారు. పట్టికను ప్రెస్సుకిచ్చుటకు ముందు ఆ చుక్కలన్నిటిని ఎఱ్ఱసిరాతో కొట్టి, ప్రతిచోట 'త్యాగరాయనగరము' అని పూర్తిగ వ్రాసి పంపితిమి. పంక్తి పొడవగుచున్నదని ప్రెస్సువారు అభ్యంతరము చెప్పినారు. టైపు చిన్నది చేయుమని జవాబు వ్రాసినాము.